ఎర్ర చుక్క గడి

కైకలూరు దాటి కొల్లేటి వైపు మళ్లే రోడ్డు పక్కన ఒక చేపల షావుకారు ఉండేవాడు. చుట్టుపక్కల లంకల్లో ఎవరి చెరువు పట్టుబడికొచ్చినా ముందు ఆయనకే కబురెళ్లేది. శీలావతి, బొచ్చె, అప్పుడప్పుడూ ఫంగస్ చేపలు. వల లాగేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, ట్రేలు మోసేవాళ్లు, కోల్‌కతాకూ అస్సాంకూ పోయే లారీలు, అన్నీ ఆయన చెప్పుచేతల్లోనే. డబ్బు దగ్గర మాట తప్పడని పేరు. ఆ పేరు వెనక ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు. కళ్లు మసకబారాక ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్లిపోయాడు. ఆయన రాసిన పుస్తకాలు అటకెక్కాయి.

"ఇంకో గుమాస్తాని ఎక్కణ్నుంచి తెస్తాం, కంప్యూటర్ పెట్టిద్దాం" అనుకున్నాడు షావుకారు. ఏలూరు పవర్‌పేటలో రెండు గదుల ఆఫీసు పెట్టుకున్న ఒక కుర్రాణ్ని పిలిపించాడు.

"చూడబ్బాయ్, పదిచోట్ల వెతుక్కునే ఓపిక నాకు లేదు. అన్నీ ఒక్కచోటే ఉండాలి. ఏదీ వదిలిపోకూడదు."

కుర్రాడు బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఒకే ఫారం, అందులో నలభై మూడు గడులు. రైతు పేరు, తండ్రి పేరు, ఆధార్, ఫోను, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, సర్వే నంబరు, చెరువు విస్తీర్ణం, సొంతమా లీజా, చేప రకం, ట్రేల లెక్క, బరువు, ఐసు, ధర, లారీ నంబరు, డ్రైవరు ఫోను, దిగుమతి ఊరు, బయానా, మినహాయింపులు... అలా కిందికి జరుపుకుంటూ పోవడమే. వాటిలో ముప్పై ఒకటి తప్పనిసరివి. ఒక్కో తప్పనిసరి గడి పక్కన ఎర్ర చుక్క. ఎర్ర చుక్క గడి ఒక్కటి ఖాళీగా ఉన్నా 'సేవ్' బొత్తాం పలకదు.

ఏసీ గదిలో ఫ్యాను చప్పుడు కూడా లేకుండా కూర్చుని, కాగితాలన్నీ ముందేసుకుని, కుర్రాడు ఒక పట్టుబడిని నమోదు చేసి చూపించాడు. షావుకారు మురిసిపోయాడు. "ఇదేరా నేనడిగింది" అన్నాడు.

ఆ ఫారం నింపాల్సినవాడు ఆ గదిలో లేడు. సరుకు తూచే కాటా మనిషి ఆ వేళకి గట్టు మీద నిద్రపోతున్నాడు, తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి కాబట్టి.

పట్టుబడి గట్టు ఎలా ఉంటుందో చూడనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. చీకట్లోనే వల దిగుతుంది. నలుగురు నీళ్లలో, నలుగురు గట్టు మీద. ట్రే ఎత్తి కాటా మీద పెడతారు, అంకె చూడాలి, దించేస్తారు, ఈలోగా ఇంకో ట్రే వస్తుంది. ఊపిరి తిప్పుకునేంత సందు కూడా ఉండదు. కాటా మనిషి చేతులకి చేప జిగురు, మోచేతుల దాకా తడి. ఫోను తడవకుండా పాలిథిన్ సంచిలో పెట్టుకుంటాడు. సంచి మీంచి వేలు నొక్కితే ఒక అక్షరానికి రెండు పడతాయి. సిగ్నల్ ఒక గీత ఉంటే అదృష్టం. ఇవన్నీ ఉన్నా చేప మటుకు ఆగదు. ఐసులో పడాల్సింది పడకపోతే మెత్తబడుతుంది, మెత్తబడితే ధర పోతుంది.

అలాంటిచోట ఫారం అతన్ని ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అడిగింది.

మొదటిరోజు కాటా మనిషి నిజాయితీగానే ప్రయత్నించాడు. "ఏవండీ, మీ ఆధార్ నంబరెంతండి?" అని వల లాగుతున్న రైతునడిగాడు. "ఇప్పుడా?" అన్నాడు రైతు. సర్వే నంబరు అడిగితే రైతు అసలు పలకలేదు. కొల్లేట్లో సర్వే నంబరు చెప్పమనడం చిన్న విషయం కాదు. కొల్లేటిని 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2005-06లో ఆ హద్దు లోపల తవ్విన చెరువుల గట్లు కొట్టేశారు. అప్పటి నుంచీ హద్దుకి లోపలా బయటా అన్న మాట ఎత్తితే మనుషులు చుట్టూ ఎవరున్నారో చూసుకుని గాని మాట్లాడరు. పైగా లీజుదారుకి ఆ నంబరు తెలియకపోవచ్చు కూడా. ఇక ధర. ఆ పూట ధర ఇంకా ఖాయమే కాలేదు. లారీ? ఆకివీడు దగ్గర టైరు పంక్చరై ఆగిందట. ఏ లారీ వస్తుందో దేవుడికెరుక.

రెండోరోజుకి కాటా మనిషి ఫారాన్ని అర్థం చేసుకున్నాడు. దానికి నిజంతో పని లేదు, గడి నిండితే చాలు. సర్వే నంబరు 1. ధర 1. లారీ నంబరు నాలుగు సున్నాలు. ఫోన్ నంబరు తనది. ఆధార్ పన్నెండు ఒకట్లు. ఆధార్ నంబరు సున్నాతోగాని ఒకటితోగాని మొదలవదు, చివరి అంకె మిగతా అంకెలను బట్టి లెక్కకట్టి వేసే తనిఖీ అంకె. ఆ సంగతి ఫారానికి ఎవరూ చెప్పలేదు. పన్నెండు అంకెలున్నాయా లేదా అన్నంతవరకే దాని చదువు. పచ్చ టిక్కు పెట్టేసింది.

కైకలూరు ఆఫీసులో షావుకారు తెర మీద ప్రతి వరసా నిండుగా కనిపించింది. మన లెక్కలు ఎన్నడూ ఇంత చక్కగా లేవనుకుని కాఫీ తెప్పించుకున్నాడు.

చెల్లింపుల రోజు వచ్చింది. ఒక లంక రైతుకి మూడు వేల నూట నలభై కిలోల సరుకు తూగింది. ఆయన చేతికి వచ్చిన కాగితంలో సరుకు విలువ 3,140 రూపాయలు. ఐసు, కూలి, కమీషను, ముందు తీసుకున్న బయానా మినహాయిస్తే ఆయనే షావుకారుకి ఎదురు బాకీ. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి, తల గోక్కుని, ఊళ్లో పెద్దమనిషికి చూపించాడు. ఈలోగా మరో విడ్డూరం. ఎవరి సరుకుకి ఎంత పడిందో చెప్పే మెసేజీలన్నీ కాటా మనిషి ఫోనుకే వచ్చాయి. ఊరి రైతులందరి సొమ్మూ ఒకడి ఫోనుకి వస్తే ఊరేమనుకుంటుంది? సాయంత్రానికి షావుకారు వాకిట్లో చెప్పులు విడవడానికి చోటు లేదు.

"దొంగ లెక్కలు రాశావా?" అని గద్దించాడు షావుకారు.

"ఆయ్, రాశానండి" అన్నాడు కాటా మనిషి. "రాయకపోతే అది ముందుకెళ్లదు కదండి. నేనాగితే చేపాగదు కదండి."

కుర్రాణ్ని పిలిపించారు. అతను ల్యాప్‌టాప్ తెరిచి, వేలు పెట్టి చూపించాడు. "సిస్టంలో తప్పు లేదండి. కొట్టినాయన తప్పు కొట్టాడు." ఈ మాట మన దేశంలో ప్రతి ఆఫీసులోనూ రోజూ వినబడుతుంది. చాలాసార్లు నిజం కూడా. అందుకే అది అంత ప్రమాదం.

షావుకారు అరవలేదు. "ఆదివారానికల్లా ఏదో ఒకటి చెయ్యి" అని లోపలికెళ్లిపోయాడు.

కుర్రాడు ఏలూరు వెళ్లకుండా తాడేపల్లిగూడెం వెళ్లాడు. అక్కడి ఉల్లి మార్కెట్లో అతని మేనమామ గుమాస్తా. కొట్టు ముందు లారీ దిగుతోంది. మావయ్య ఎత్తరుగు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి రాసుకుంటున్నాడు.

"ఏంట్రా, మొహం అలా ఉంది?"

కుర్రాడు చెప్పాడు. మావయ్య ఏమీ అనకుండా గోడకున్న ఇనప చువ్వకి గుచ్చిన చీటీల్లోంచి ఒకటి లాగి చేతిలో పెట్టాడు. అరచేతిలో సగం కూడా లేదు. దాని మీద మూడే సంగతులు: సరుకు ఎవరిదో తెలిపే గుర్తు, బస్తాలు, బరువు.

"ఇందులో రైతు బ్యాంకు ఖాతా ఉండదా మావయ్యా?"

"బస్తా తూచేవాడికి బ్యాంకుతో పనేంట్రా?"

"పోనీ ధర?"

"ధర పాటలో తేలుద్ది. పాట కాకముందే వాడేం రాస్తాడు, జాతకమా?"

తర్వాత చిట్టా తీశాడు. ఏ రోజు ఏం జరిగిందో జరిగిన వరసలో ఉంది. దాని పక్కన ఆవర్జా. అందులో తేదీల వరస కాదు, మనిషికో పేజీ. ఆఖరున పట్టీల పుస్తకం. సరుకు ఎంత, పాటలో ఏ ధర పలికింది, కాటా కూలెంత, హమాలీ ఎంత, కమీషనెంత, చేతికొచ్చేదెంత అని రైతుకి చింపి ఇచ్చే కాగితం అది. పట్టీ చింపి ఇచ్చాక ఇక దిద్దడం లేదు. తప్పుంటే మర్నాడు చిట్టాలో ఎదురు పద్దు రాయాల్సిందే.

"ఒకే సంగతి నాలుగు చోట్ల రాస్తున్నారు. డూప్లికేట్ కాదా ఇది?"

"సంగతి ఒకటేరా. అడిగేవాళ్లు నలుగురు. నాకు నిన్నేం జరిగిందో కావాలి. మా షావుకారికి ఫలానా ఆసామి ఎంత బాకీయో కావాలి. రైతుకి తన చేతికెంతొస్తుందో కావాలి. కాటావాడికి తల ఎత్తకుండా తన పని తనని చేసుకోనిస్తే చాలు. నువ్వు నలుగురినీ ఒక్క పీట మీద కూర్చోబెట్టావు."

"కాని అబద్ధం రాసింది అతనే కదా?"

"వాడు రాశాడు. రాయించింది నువ్వు."

కుర్రాడు ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. పొద్దున్నే ఏలూరు పోయి, ముందు ఆ నలభై మూడు గడుల ఫారాన్ని తీసిపారేశాడు.

కొత్తగా చేసినవాటిలో మొదటిది రైతు నమోదు. ఇది పొడుగు ఫారమే, ఆధారూ బ్యాంకు ఖాతా అన్నీ ఉంటాయి. అయితే ఒక రైతుకి ఒక్కసారే నింపేది, ఆఫీసులో, కుర్చీలో కూర్చుని, పాస్‌బుక్కు ముందు పెట్టుకుని. ఆధార్ చివరి అంకెను సరిచూసే లెక్క కూడా ఈసారి పెట్టాడు. సర్వే నంబరు గడి ఉంది గాని దాని పక్క ఎర్ర చుక్క తీసేశాడు.

రెండోది కాటా ఫారం. దాని కోసం కుర్రాడు నిజంగానే తెల్లవారుజామున వెళ్లి గట్టు మీద నిలబడ్డాడు. తెర మీద ఎవరి చెరువు, ఏ చేప, బరువు, అంతే. అంకెలు బొటనవేలంత పెద్దవి, తడి సంచి మీంచి నొక్కినా తప్పు పడకుండా. సిగ్నల్ లేకపోతే తూచింది ఫోనులోనే దాచుకుంటుంది, రోడ్డెక్కాక పంపుతుంది. రైతు పేరు టైపు చెయ్యక్కర్లేదు, జాబితాలోంచి ఎంచుకోవచ్చు. ఇక్కడొక చిక్కొచ్చింది. ఒకే లంకలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు నలుగురు తేలారు. తండ్రి పేరు చూపిస్తే సరిపోతుందనుకున్నాడు. తాత పేర్లు పెట్టుకునే ఇళ్లలో అదీ కుదరలేదు. "మీరెలా గుర్తుపడతారు?" అని కాటా మనిషినే అడిగాడు. "తూము పక్క చెరువాయనండి. ఆయన తమ్ముడిది తాడిచెట్ల గట్టండి" అన్నాడతను. కుర్రాడు నమోదు ఫారంలోకి వెళ్లి 'గుర్తు' అని ఒక గడి చేర్చాడు. ఏ ఇంజినీరింగు పుస్తకంలోనూ ఆ గడి ఉండదు. ఆ తర్వాత ఎక్కువ పనికొచ్చిందీ అదే.

లారీ వచ్చాక లోడు ఫారం. పైన లారీ సంగతి ఒక్కసారి, కింద దాన్లోకెక్కిన సరుకు వరసలు వరసలుగా. ఆఫీసులో కొత్త గుమాస్తాకి రాసే ఫారం కాకుండా ఒక జాబితా ఇచ్చాడు. 'ధర పడనివి' అని నొక్కితే అవే కనబడతాయి. ధర ఖాయమయ్యాక అక్కడే వేసుకుంటాడు. చెల్లింపు మటుకు మెట్లు మెట్లుగా: ఇది సరుకు, ఇది ధర, ఇవి మినహాయింపులు, ఇది చేతికొచ్చేది, ఒప్పుకుంటే ఖరారు. ఖరారైతే ఇక దిద్దుబాటు లేదు, ఎదురు పద్దే.

షావుకారుకి ఇచ్చిన తెరలో టైపు చేసే గడి ఒక్కటీ లేదు. రోజు మొత్తం సరుకు, బాకీలు, దారిలో ఉన్న లారీలు, అన్నీ ఒక్కచోట. ఆయన మొదట అడిగింది అదే కదా! చూడ్డానికి అన్నీ ఒకచోట కావాలన్నాడు గాని, రాయడానికి ఒకచోట ఉండాలనలేదు పాపం.

కాటా మనిషి మళ్లీ ఫోను సంచిలో పెట్టుకున్నాడు. లంక రైతుకి రావాల్సిన డబ్బు వచ్చింది. అటక మీది పాత పుస్తకాలు దించి చూస్తే, వాటిలోనూ ఇంచుమించు ఇవే విభాగాలున్నాయి.

నీతి

ఎదుట నిలబడ్డ మనిషికి ఆ నిమిషంలో తెలిసిందే ఫారం అడగాలి. తెలియనిది బలవంతాన అడిగితే అబద్ధం వస్తుంది. ఆ అబద్ధానికి పచ్చ టిక్కు కూడా పడుతుంది.

వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో ఫారాలు ఎందుకన్ని రకాలని విసుక్కునేవాళ్లకి ఈ కథ. మాస్టర్ ఫారం, లావాదేవీ ఫారం, పైన తల కింద వరసలుండే ఫారం, జాబితా, ఎంపిక కిటికీ, మెట్ల ఫారం, చూసుకోవడానికి మాత్రమే ఉన్న రిపోర్టు. 1990ల చివర్లో హైదరాబాదు అమీర్‌పేటలో ఒరాకిల్ వాళ్ల డెవలపర్ 2000 నేర్చుకున్న తరానికి ఇవన్నీ కంఠతా వచ్చు. ఒరాకిల్ ఫారమ్స్‌లో మాస్టర్-డీటెయిల్ కట్టడం, ఎంపికల జాబితా తగిలించడం ఇంటర్వ్యూ ప్రశ్నలు. అయితే ఎలా కట్టాలో నేర్పినంత శ్రద్ధగా, ఎవరి కోసం కట్టాలో నేర్పలేదు. కర్సర్‌ని గడి దాటనివ్వని ట్రిగ్గర్ రాయగలగడం గొప్పగా ఉండేది అప్పట్లో.

పనికో కాగితం అన్న ఈ విభజన కంప్యూటర్ తెచ్చింది కాదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల పదవులు రద్దు చేసేదాకా గ్రామ లెక్కలు వాళ్ల చేతుల్లో ఉండేవి. అడంగల్ సర్వే నంబరు వారీగా నడిచేది: ఈ నేలలో ఈ ఏడు ఏ పంట, నీరెక్కడిది, సాగెవరిది. మనిషి వారీ లెక్క వేరే: ఫలానా ఖాతాదారుకి ఏయే నేలలున్నాయి. అవే పొలాలు, రెండు వేరే ప్రశ్నలు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలోనూ ఆ రెండూ అడంగల్, వన్-బి అని విడివిడిగానే ఉన్నాయి. కరణాల మీద మనకి ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ కాగితాలు గీసినవాడికి మాత్రం పని తెలుసు.

ఊళ్లో కిరాణా కొట్టు దాకా వచ్చిన లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ చూడండి. చెల్లింపుకి ఎఫ్5, వసూలుకి ఎఫ్6, అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకి ఎఫ్9. పనికో మీట, మీటకో ఓచర్. అన్నిటికీ ఒకే ఓచర్ పెట్టి ఉంటే మన గుమాస్తాలు దాన్ని అంత సులువుగా రానిచ్చేవారా? 1972లో జర్మనీలో పుట్టిన ఎస్‌ఏపీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీల లెక్కలు మోస్తుంది. దాని తెరల్లో ట్యాబుల వెనక ట్యాబులు, గడుల మీద గడులు అన్న విమర్శ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2013లో ఫియోరి పేరుతో, ఉద్యోగి చేసే పనిని బట్టి చిన్న చిన్న తెరలు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇక ఎర్ర చుక్క సంగతి. ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉన్న పెద్దవాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లంతా ఆ రోజున పుట్టలేదు. పుట్టిన ఏడు ఉజ్జాయింపుగా తెలుసు, తేదీ తెలియదు. గడి ఖాళీగా ఉండటానికి వీల్లేదు, అందుకని జనవరి 1. పోనీలే ఒక తేదీయే కదా అనుకోవచ్చు. పింఛను దగ్గర, బీమా దగ్గర వేరే కాగితంలో వేరే తేదీ ఉన్నప్పుడు ఆ ముసలాయన్ని కౌంటర్ల చుట్టూ తిప్పేది ఆ గడే. 'తెలియదు' అని రాసుకోనిచ్చే చోటు ఒకటి ఉంటే, కనీసం తెలియదన్న నిజం మిగిలేది.

తప్పనిసరి గడులు అసలు వద్దని కాదు. బరువు లేకుండా కాటా ఎంట్రీ ఏమిటి? ఖాతా నంబరు లేకుండా చెల్లింపు ఏమిటి? ఏ గడి ఏ మెట్టు మీద తప్పనిసరి అన్నది తేల్చుకోవడమే ఈ పనిలో సగం నేర్పు. మిగతా సగం, ఖరారైన కాగితాన్ని ఎవరూ చాటుగా దిద్దకుండా చూడటం.

ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల్లో ఈ ఏడు ప్రాజెక్టు చేస్తున్న పిల్లలకి ఒక మాట. మీరు ఏ యాప్ కట్టినా సరే, దాన్ని నింపబోయే మనిషి పనిచేసే చోటికి, పనిచేసే వేళకి ఒకసారి వెళ్లి చూడండి. అది చేపల గట్టయినా, ఉల్లి కొట్టయినా, ఆస్పత్రి కౌంటరయినా. ఇక ఫారాలు నింపే మనమందరం: తెలియని గడిలో తోచింది కొట్టేసే ముందు, ఇది నాకిప్పుడు తెలియదని కౌంటర్లో వాళ్లకి నోరు తెరిచి చెబుదాం. మనం చెప్పకపోతే ఆ ఎర్ర చుక్క పెట్టినవాడికి ఎప్పటికీ తెలియదు.